దుప్పి తోలు మీద ఎర్రచుక్క

"ఇంకా లోతుకు!" అని అరిచాడు జగ్గారాయుడు.

దస్తగిరి పార ఎత్తాడు, దించాడు. నల్లమలలో ఎర్రబోడు అనే మొండికొండ కింద అది మూడో గొయ్యి. మొదటి దాంట్లో రాళ్ళు. రెండో దాంట్లో ఇంకా పెద్ద రాళ్ళు. మూడో దాంట్లోంచి ఒక తేలు బయటికొచ్చి, ఇద్దరినీ ఎగాదిగా చూసి, తన దారిన తాను పోయింది.

"దొరా, ఈ కొండకు పొట్ట అసలు ఇదేనా?" అన్నాడు దస్తగిరి నడుం పట్టుకుని. "నిన్న దీన్నే వీపన్నారు గదా?"

"నిన్న అటునుంచి చూశాం. ఇవాళ ఇటునుంచి చూస్తున్నాం. నోర్మూసుకుని తవ్వు!"

దస్తగిరికి తల తిరిగింది. మూడు రోజులుగా అతనికి తూర్పేదో పడమరేదో తెలియడం లేదు. కొండ దుప్పిలా ఉందంటాడు దొర. దస్తగిరికి అది పడుకున్న దున్నపోతులా కనబడింది. కాసేపటికి బోర్లించిన కడవలా కనబడింది. ఏదైతేనేం, తవ్వేది తనే కదా.

ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏటి మాట ఇది. జగ్గారాయుడికి ఎస్టేటు పోయింది, దొరతనం పోలేదు. అమ్ముకోవడానికి ఏముందా అని తాత పెట్టె కెలుకుతుంటే ఒక పాత దుప్పి తోలు దొరికింది. దాని మీద అడ్డంగా నిలబడ్డ దుప్పి బొమ్మ. ఒళ్ళంతా నల్లచుక్కలు. మెడ మీద, తొడ మీద, కడుపు మీద మరీ ఎక్కువ. ముందుకాలు వెనక మాత్రం ఒకే ఒక్క ఎర్రచుక్క.

తాత ఆ తోలును ఒక ముసలి చెంచు చేతిలోంచి లాక్కున్నాడట. ఆయనే ఇంకో మాట కూడా చెప్పేవాడట. చెంచులు అప్పుడప్పుడూ మోదుగాకు పొట్లం పట్టుకుని అడవిలో ఏదో గుహకు పోతారు, వట్టి చేతులతో తిరిగొస్తారు, ఆ గుహ ఎక్కడో మాత్రం చంపినా చెప్పరు. వట్టి చేతులతో వస్తున్నారంటే లోపల ఏదో దాస్తున్నారు. దాస్తున్నారంటే అది బంగారమే. దొరల బుద్ధికి అంతకంటే ఇంకో కారణం తోచదు. దాచుకోవడం ఒక్కటే తెలిసినవాడికి లోకమంతా దాచుకుంటున్నట్టే ఉంటుంది.

అందుకే తోలు మీది దుప్పి ఈ కొండకు పటమని నమ్మి, నల్లచుక్కలు ఎక్కువున్న కడుపు దగ్గర తవ్విస్తున్నాడు.

కొంచెం దూరంలో బండ మీద గొంతుకూచుని ఈరమ్మ చూస్తోంది. చెంచు మనిషి, నలభై ఏళ్ళుంటాయి. భుజాన విల్లు, మొలలో కత్తి. అడవిలో దారి చూపడానికి వచ్చింది. దేనికోసం తవ్వుతున్నారో ఆమెకు దొర చెప్పలేదు, తోలు చూపించనూ లేదు. ఆమె అడగనూ లేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. ఆమె తమ్ముడు బయన్న మూడు వారాలుగా గట్టుపల్లి ఫారెస్టు రేంజరు కొట్లో బందీగా ఉన్నాడు. దారి చూపిస్తే రేంజరుతో ఒక్క మాట చెప్పి విడిపిస్తానన్నాడు దొర.

"రాయే వస్తాది దొరా," అంది ఈరమ్మ లేచి. "నా పుట్టుక ముందునుంచీ ఈడ రాయే ఉండాది. పొద్దు ఎక్కుతాంది. కదలండి."

*

వాగు దాటి వెదురుపొద దగ్గరికి రాగానే ఎదురుగా మేస్తూ కనబడింది దుప్పి. తల ఎత్తింది. సూటిగా వీళ్ళవైపే చూసింది.

"ఎయ్యొద్దు!" ఈరమ్మ గొంతులోనే అంది. "ఎదురుగా ఉండాది. పక్కకు తిరగనీ..."

ధన్‌మని మోగింది. తాతలనాటి ఒంటిగొట్టం తుపాకి అది. గొట్టం నోట్లోంచి మందు కూరి, పైన సీసపు గుండు దించాలి. గుండ్లు పోసేదీ, మందు కూరేదీ దస్తగిరి. కాల్చేది దొర. పొగ విడేసరికి దుప్పి వీపు విల్లులా వంగిపోయి, తోక కిందికి పెట్టుకుని పొదల్లోకి ఉరికింది.

"తగిలింది! చూశావా దెబ్బ!" అని దొర ఎగిరాడు.

"తగల్లేదు, చెడింది," అంది ఈరమ్మ. నేల మీద వంగి ఒక ఆకు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆకు మీద నల్లటి నెత్తురు, అందులో పచ్చటి పసరు. "కడుపు పగిలింది. ఊపిరితిత్తులకు తగిలితే నురగ నెత్తురు పడాల, నూరడుగుల లోపల ఒరగాల. ఇది రేపటిదాకా సావదు. పాణం గుంజుకుంటా తిరగతాది."

"పోతే పోనీ. ఇంకోటి కనబడుతుంది. పద."

ఈరమ్మ భుజాన ఉన్న విల్లు తీసి దారికి అడ్డంగా పెట్టింది. "దాని పాణం తీరిందాకా నేను ఇంకో అడుగు ఎయ్యను. మా ఆచారం. దెబ్బ కొట్టినోడు ఎంటపడాల, పని తీర్చాల. అందాకా కూడు లేదు, నిద్ర లేదు."

"నీ తమ్ముడు అక్కర్లేదా?"

"నా తమ్ముడు ఆ కొట్లో ఉండేది ఎందుకనుకుంటివి? ఈ ఆచారానికే."

దస్తగిరి తుపాకి అందుకుని మందు తిత్తి విప్పుతున్నాడు. ఈరమ్మ అతని దగ్గరికొచ్చి మెల్లిగా అంది. "సాయిబన్నా, మళ్ళీ కూరొద్దు. ఒకదాని పాణం తీరకముందు ఇంకోదాని మీదికి ఆయుధం ఎత్తకూడదు."

దస్తగిరి అటు చూశాడు, ఇటు చూశాడు. ఇరవై ఏళ్ళుగా దొర మాట తప్ప ఇంకో మాట విన్నవాడు కాడు. ఎందుకు విన్నాడో అతనికే తెలియదు. దొరకు వీపు తిప్పి, వట్టి గొట్టంలో కడ్డీ నాలుగుసార్లు ఆడించి, "అయింది దొరా" అన్నాడు.

*

వెంటనే బయల్దేరనివ్వలేదు ఈరమ్మ. "ఇప్పుడే ఎంటపడితే బెదిరి ఇంకా దూరం పోతాది. కూసోండి. అది పడుకోవాల, ఒళ్ళు బిగుసుకోవాల."

దొర బండ మీద కూర్చుని బుసలు కొట్టాడు. తోలు విప్పి మోకాళ్ళ మీద పరిచి, కొండవైపు తిప్పి చూశాడు, తలకిందులు చేసి చూశాడు. ఈరమ్మ మెడ చాచి తొంగి చూసింది. తర్వాత పగలబడి నవ్వింది.

"దీన్ని పట్టుకునా కొండ తవ్వతాండేది? ఇది మా తాతల తోలు! పిల్లోళ్ళకు ఏటు నేర్పేదానికి గీసింది! నల్లచుక్కల మీద ఎయ్యకూడదు. కడుపుకు ఎయ్యకూడదు, తొడకు ఎయ్యకూడదు, తలకు ఎయ్యకూడదు, అది కదలతానే ఉంటాది గదా. ముందుకాలు ఎనక, రొమ్ము అంచుకు బెత్తెడు పైన, ఆ ఎర్రచుక్క. అంతే. ఆడ పడితే దానికి దెబ్బ తగిలిందని తెలిసేలోగా ఒరగతాది."

దొర తోలును ఒళ్ళోకి లాక్కున్నాడు. "అబద్ధం," అన్నాడు. "అబద్ధం. తాతగారు చెప్పారు."

ఇప్పుడు ఎవరి మాట నమ్మాలో దస్తగిరికి అంతుబట్టలేదు. మూడు గోతులు తవ్విన చేతులు మాత్రం ఈరమ్మనే నమ్మాయి.

"నీ తమ్ముడు ఏం చేశాడమ్మా?" అని అడిగాడు, మాట మార్చడానికి.

"మూడు వారాల కింద గువ్వలవాగు కాడ కడుపు పగిలిన దుప్పి కనబడింది వానికి. ఎవడో తుపాకోడు కాల్చి ఒదిలేసి పోయినాడు. వాడు ఒక్క అమ్ముతో దాని బాధ తీర్చినాడు. తుపాకి గుండు తీసి, ఏడ పెట్టాల్నో ఆడ పెట్టొచ్చినాడు. మాంసం తెస్తాంటే పట్టుకున్నారు. 'కాల్చింది ఇంకోడైతే గుండు చూపించు' అన్నాడంట రేంజరు. వాడు చూపిస్తాడా? ఆ చోటు చెప్పకూడదు. నోరు తెరవలే. కొడతాండారు."

దస్తగిరి లెక్క వేసుకున్నాడు. మూడు వారాల కిందట. గువ్వలవాగు. దొర కాల్చిన దుప్పి వీపు వంచి ఉరకడం, ఎక్కడో గార్డు ఈల వినబడడం, ఇద్దరూ బండి దగ్గరికి పరుగెత్తడం. కానీ అడవిలో ఎన్ని తుపాకులు లేవు? అదే రోజని ఏముంది? అదే వాగని ఏముంది? దొరవైపు చూశాడు. దొర తోలు చుట్టుకుంటూ చెట్లవైపు చూస్తున్నాడు.

ఉరిమింది.

"లెయ్యండి!" ఈరమ్మ దిగ్గున లేచింది. "వాన వస్తే నెత్తురు కడుక్కుపోతాది. ఇంకేం కూసుంటాం!"

*

ఆ పరుగు దస్తగిరి బతికినన్నాళ్ళూ మరిచిపోలేదు. ఈరమ్మ ముందు, నేలకు ముఖం ఆనించినంత వంగి. ఒక చుక్క. ఇరవై అడుగుల అవతల ఇంకో చుక్క. గడ్డి వంగిన తీరు. రాయి మీద గిట్ట జారిన గీత. "కడుపు దెబ్బ తిన్నది నీళ్ళకే పోతాది!" అంటూ లోయలోకి దూకింది. ముళ్ళు గుచ్చుకున్నాయి. దొర బూటు జారి రెండుసార్లు పడ్డాడు. లోయ అడుగున, నల్లటి బండ కింద ఊట. ఊట పక్కన పడుకుని ఉంది దుప్పి. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఈరమ్మ చేయెత్తి ఇద్దర్నీ ఆపింది. గాలి ఎటు వస్తోందో చూసుకుంది. చుట్టూ తిరిగి, దుప్పికి పక్కగా వచ్చేదాకా పాకింది. అమ్ము వదిలిన చప్పుడు వినబడలేదు. దుప్పి మెడ మెల్లిగా నేల మీదికి వాలింది. అంతే. తుపాకి చేసిన గోలంతా ఒకవైపు, ఆ నిశ్శబ్దం ఒకవైపు.

ఆమె వచ్చి దాని నుదుటి మీద చెయ్యి పెట్టింది. కత్తితో కడుపులోంచి సీసపు గుండు తీసింది. మోదుగాకులో చుట్టింది. బండ వెనక్కి నడిచింది. అక్కడ మనిషి వంగి దూరేంత సందు ఉంది. దూరబోతూ వెనక్కి తిరిగింది. వద్దన్నా దొర వస్తాడని ఆమెకు తెలిసింది. అయినా గుండు లోపల పెట్టడం ఆచారం. ఆమె ఆగలేదు, దొరను ఆపలేదు.

జగ్గారాయుడి కళ్ళు మెరిశాయి. మోదుగాకు పొట్లం! గుహ! "తాత చెప్పింది ఇదే!" అని అరిచి, బ్యాటరీ లైటు వెలిగించి ఆమెను తోసుకుంటూ లోపలికి దూరాడు.

లోపల మూడు దారులు. ప్రతి దారి నెత్తిన ఎర్రరంగుతో ఒక దుప్పి. ఒకటి కొమ్ములు విప్పుకుని ఎదురుగా చూస్తోంది. ఒకటి తోక చూపిస్తోంది. ఒకటి అడ్డంగా నిలబడి ఉంది.

"కొమ్ములది! రాజు గుర్తు!" దొర మొదటి దారిలోకి దూసుకుపోయాడు.

"దొరా, ఆగు!"

పెద్ద కేక. రాళ్ళు దొర్లిన చప్పుడు. లైటు వెలుగు ఎక్కడో కింద ఊగుతోంది. దస్తగిరి బోర్లా పడుకుని తొంగి చూశాడు. నిలువెత్తు గుంట. దొర కాలు మడతపడి కూర్చున్నాడు. ఆ స్థితిలోనూ తుపాకి మాత్రం వదల్లేదు. దస్తగిరి తలపాగా విప్పి వదిలాడు. ఇద్దరూ కలిసి బరబరా పైకి లాగారు.

"ఎదురుగా చూసేదానికి అమ్ము ఎయ్యం," అంది ఈరమ్మ ఒగరుస్తూ. "తోక చూపించేదానికీ ఎయ్యం. కడుపో తొడో పగలతాది. అడ్డంగా నిలబడినదానికే. మా పసిపిల్లోనికి కూడా తెలుసు. మీకు కొమ్ములు కనబడితే సాలు, ఎగబడతారు."

*

అడ్డంగా నిలబడ్డ దుప్పి కింది దారి వంకర్లు తిరిగి, గదిలాంటి చోటుకు చేరింది. దొర గోడ పట్టుకుని కుంటుతూ వచ్చి లైటు వేశాడు.

కుప్ప. నడుమెత్తు కుప్ప.

బంగారం కాదు. అమ్ము మొనలు. వందలు, వేలు. తుప్పుపట్టి ముద్దైపోయినవి, మొన్నమొన్నటివి, అడుగున ఇనుము ఎరగని కాలపు రాతి ముక్కలు. ఎండి పొడైన మోదుగాకులు.

"ఏమిటిది?" దొర లైటు కుప్పంతా తిప్పాడు. "బంగారం ఏదే?"

"ఇదే మేం దాచుకునేది. ఏటు తప్పి, జీవాన్ని బాధపెట్టినోడు ఆ మొన తెచ్చి ఈడ పెట్టాల. మళ్ళీ దాన్ని వాడకూడదు. పెట్టింది తియ్యకూడదు. ఇది మా సిగ్గు దొరా. సిగ్గు ఎవడైనా బయటపెట్టుకుంటాడా? అందుకే చోటు చెప్పం."

జగ్గారాయుడు నమ్మలేదు. కుప్ప మీద పడి రెండు చేతులతో చిమ్మాడు. అడుగున బంగారం ఉండి తీరాలి! ఇనుము గలగలమంటూ దొర్లింది. దాంతోపాటు ఒక పొట్లం, ఇంకా పచ్చివాసన పోని ఆకుది, దస్తగిరి కాళ్ళ దగ్గరికి వచ్చి పడింది.

ఈరమ్మ దాన్ని ఎత్తింది. నార ముడి తడిమింది. "బయన్న ముడి," అంది. విప్పింది. సీసపు గుండు.

దస్తగిరి చెయ్యి చాచాడు. ఆమె ఆ గుండు, ఇవాళ్టి గుండు, రెండూ అరచేతిలో పెట్టింది. లైటు వెలుగులో చూడక్కర్లేదు. బొటనవేలితో తడిమితే చాలు. అతని గుండ్ల అచ్చు ఒక అంచున చితికి ఉంది. అందులో పోసిన ప్రతి గుండుకూ చిన్న మెట్టులా ఒక గీత పడుతుంది. దుప్పి కడుపులోకి పోయిన సీసం అంత నలగలేదు. ఈ గుండుకూ ఉంది ఆ మెట్టు. ఆ గుండుకూ ఉంది.

మూడు రోజులుగా తిరుగుతున్న తల ఆగిపోయింది.

"ఇది నేను పోసిన గుండే," అన్నాడు. "గువ్వలవాగు కాడ కాల్చింది మా దొర. పక్కన ఉన్నది నేను. ఇద్దరం పారిపోయినాం."

ఈరమ్మ చూపు అతని మీదినుంచి దొర మీదికి మెల్లిగా పోయింది.

"ఆ గుండు ఇటియ్యి," అన్నాడు జగ్గారాయుడు. తుపాకి పైకి లేచింది. "ఇటియ్యి, లేకపోతే ఇద్దరూ ఈ ఇనుములోనే పడుంటారు. ఎవడడుగుతాడు మిమ్మల్ని?"

"వాని తప్పు కాకపోయినా తమ్ముడు తెచ్చి ఈడ పెట్టినాడు," అంది ఈరమ్మ. అతనితో కాదు, కుప్పతో మాట్లాడుతున్నట్టు. "ఎవడి తప్పు వాడే పెట్టాల. ఇది మావాళ్ళ తప్పు కాదు. దీనికి ఈడ చోటు లేదు." దస్తగిరి చేతిలోంచి బయన్న తెచ్చిన గుండు తీసుకుని మొలలో దోపుకుంది.

దొర మీట నొక్కాడు.

టక్.

మళ్ళీ నొక్కాడు. టక్.

"కూరలేదు దొరా," అన్నాడు దస్తగిరి. "దాని పాణం తీరిందాకా కూరొద్దని ఈమె చెప్పింది."

దొర తుపాకి తిరగేసి మడమతో కొట్టబోయాడు. మడతపడిన కాలు నిలవలేదు. పడ్డాడు. లైటు రాతికి తగిలి పగిలింది. చీకటి. ఆ చీకట్లో, కింది నుంచి, చల్లగా పాదాల మీదికి పాకింది నీరు.

"వాగు పొంగింది!" ఈరమ్మ కేక వేసింది. "నా కొంగు పట్టుకో అన్నా!"

"ఎటు? ఎటమ్మా? ఏం కనబడడంలా!"

"ముఖం మీద గాలి తగలతాందా? తగిలేవైపే నడువు. వేటకు పోయేవాడు గాలికి ఎదురే పోతాడు."

"దస్తగిరీ!" వెనకనుంచి దొర ఏడుపు. "కాలు... నన్ను వదిలిపోవద్దురా!"

దస్తగిరి ఆగాడు. వదిలిపోవచ్చు. ఇప్పుడే తమని కాల్చబోయినవాడు. నీరు మోకాలి దాకా వచ్చింది. ఈరమ్మ ఊపిరి పక్కనే వినబడుతోంది. ఆమె తిట్టింది, పేరు పెట్టి, వాడి తాత పేరూ కలిపి తిట్టింది. తర్వాత అంది:

"రెండు చేతులా పట్టు వాణ్ణి. గాయమైనదాన్ని ఒదిలేసి పోతే వానికీ మనకూ తేడా ఏముండాది?"

ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని ఈడ్చారు. దస్తగిరి తల రాతికి కొట్టుకుంది. ఒక వంకర దగ్గర గాలి రెండు వైపులనుంచీ వచ్చినట్టుంది, ఈరమ్మ ఆగింది, మళ్ళీ కదిలింది. నీరు నడుం దాటింది. బూడిదరంగు వెలుగు, వాన హోరు, బండ. ముగ్గురూ బురదలో బోర్లాపడ్డారు. వెనక సందులోంచి నీళ్ళు తోసుకొచ్చాయి. తుపాకి లోపలే ఉండిపోయింది. ఎప్పుడో రావలసిన చోటికి అదీ వచ్చి చేరింది, అంతే.

*

గట్టుపల్లిలో రేంజరు జగ్గారాయుణ్ణి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. బయన్నను నేల మీద కూర్చోబెట్టాడు. చట్టానికి కూడా కుర్చీలు లెక్కపెట్టడం తెలుసు.

దస్తగిరి ఆ రెండింటి మధ్య నిలబడ్డాడు. గుండు బల్ల మీద పెట్టాడు. అచ్చు పక్కన పెట్టాడు. కొంచెం సీసం కరిగించి, రేంజరు కళ్ళ ముందే ఇంకో గుండు పోశాడు. ఆరాక రెండూ ఆయన వేళ్ళ మధ్య పెట్టాడు.

"ఈ మెట్టు తడమండి సారూ. అచ్చు నాది. తుపాకి దొరది. పారిపోయింది ఇద్దరం. బాధ తీర్చింది ఈ బయన్న."

"ఎక్కడ దొరికింది ఈ గుండు?"

దస్తగిరి ఈరమ్మవైపు చూడలేదు. "అడవిలో దారి తప్పినాను సారూ. ఏ దారో నాకు తెలీదు," అన్నాడు. ఆ మాట చెప్పడం అతనికి చాలా తేలికైంది.

రేంజరు తడిమాడు, దొరవైపు చూశాడు, మళ్ళీ తడిమాడు. ఆ సాయంత్రం బయన్న బయటికొచ్చాడు. ముఖం వాచి ఉంది, కన్ను ఒకటి తెరుచుకోలేదు. దొర మీద కేసు రాశారు. తర్వాత ఆ కేసు ఏమైందని అడక్కండి. దొరల కేసులు కూడా కడుపు దెబ్బ తిన్న దుప్పుల్లాంటివే. ఎవడూ వెంటపడడు.

వానలు తగ్గాక దస్తగిరి ఒక్కడే ఆ లోయలోకి దిగాడు. చేతిలో మోదుగాకు పొట్లం. ఊట పక్కన బండ మీద ఈరమ్మ కూర్చుని ఉంది, అతను వస్తాడని తెలిసినట్టు.

"ఏం తెచ్చినావు?"

"అచ్చు. ఇరవై ఏళ్ళుగా గుండ్లు పోసినాను. అవి ఏడ తగులుతాండాయో ఒక్కసారి చూళ్ళేదు. నాదీ పెట్టొచ్చునా?"

ఆమె పక్కకు జరిగి దారిచ్చింది. రమ్మనలేదు, తోడు రాలేదు, ఏ దారో చెప్పలేదు.

దస్తగిరి దివిటీ వెలిగించుకుని వంగి లోపలికి దూరాడు. మూడు దుప్పులూ ఎదురయ్యాయి. కొమ్ములదాని ముందు ఆగలేదు. తోకదాని ముందు ఆగలేదు. అడ్డంగా నిలబడ్డదాని కింద నిలబడి, చేయెత్తి, దాని ముందుకాలు వెనక బెత్తెడు పైన వేలు ఆనించాడు. అక్కడ రాయి నున్నగా ఉంది. ఎన్ని వేళ్ళు ఆనితే అంత నునుపు వచ్చిందో.

తల వంచుకుని ఆ దారిలోకి నడిచాడు.